రెండు గంపల వెడల్పు

మా ఊరు ఎర్రగట్టు. కొల్లాపురం అడవి అంచున ఉంటుంది. అక్కడి నుంచి కృష్ణ ఒడ్డుకు పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి బండ్ల బాట. అది అడవిని చుట్టుకుని, పరాయి ఊళ్ళ మీదుగా తిరిగి తిరిగి పోతుంది. ఏటికి చేరేసరికి ఎద్దుల నోట నురగ, మనుషుల మొహాన ఎర్రదుమ్ము. రెండోది కాలిబాట. అడవిలోకి దూరి, గుట్ట ఎక్కి దిగి, ఇసుక దిబ్బల మధ్య నుంచి నేరుగా నీళ్ళ దగ్గర తేలుతుంది. తెల్లవారుతుండగా నడక మొదలుపెడితే అంబలి తాగే పొద్దుకల్లా కాళ్ళు కృష్ణలో పెట్టవచ్చు.

ఈ రెండో దారి మీదనే మా మేనత్త నర్సింగమ్మ బతికింది. ఆ దారి అసలు లేనే లేదని సర్కారు అన్నది.

మా అత్త పొడగరి కాదు, బలమైన మనిషీ కాదు. మెడ మాత్రం గట్టిది. ఊహ తెలిసినప్పటి నుంచి గంపలు మోసిన మెడ. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే తల తిప్పదు, మొత్తం మనిషే తిరుగుతుంది. నెత్తిన గంప లేనప్పుడు కూడా అంతే. వాడలో పిల్లలు అది చూసి, "నెత్తిమీద గంప పడ్తది సూడు నర్సవ్వా!" అని అరిచి పరిగెత్తేవాళ్ళు. "పడితే మీ నెత్తినే పడ్తది, జర దూరం జరుగుండ్రి," అనేది తను, నడక ఆపకుండానే.

ఆమె చేసింది ఇసుక సేద్యం. వరద తీసి, పుష్యమాసం వచ్చేసరికి కృష్ణ పాయలుగా చీలిపోయి ఒడ్డున ఇసుక మేటలు తేలతాయి. ఆ ఇసుకలో మా ఆడవాళ్ళు పాదులు తీస్తారు. మోకాటి లోతు తవ్వితే చెమ్మ తగులుతుంది. అందులో ఇంటి దగ్గరి నుంచి మోసుకుపోయిన పెంట, చెరువు ఒండ్రు నింపి కర్బూజ గింజలు పెడతారు. గాలికి ఇసుక లేచి మొలకలను పూడ్చకుండా రెల్లుతో దడి కడతారు. ఊళ్ళో చేలన్నీ పగుళ్ళు వారి, బావిలో చేద బండకు తగులుతున్న ఎండాకాలంలో, అక్కడ తీగల కింద కర్బూజ పండుతుంది.

ఆ ఇసుకకు పట్టా లేదు. ప్రతి ఏడూ వరద వచ్చి పాత గుర్తులన్నీ తుడిచేస్తుంది. అందుకని మాకు ఒక కట్టడి ఉంది. నీళ్ళు తీసిన తర్వాత ఎవరు ముందుగా వచ్చి రెల్లుకట్ట పాతితే, ఆ ఏడాదికి ఆ ఇసుక వాళ్ళది.

మా మామ పోచయ్య గత్తర రోగం వచ్చి చనిపోయినప్పుడు అత్తకు ఇంకా పిల్లలు కలగలేదు. మామ అన్న మారయ్య ఊరికి పెద్దమనిషి. కర్మలు ముగిసిన మరునాడు ఆయన వచ్చి గడపలో కూర్చున్నాడు.

"ఒంటి ఆడిదానివి, ఏట్ల ఏం కావలుంటవ్? ఇసుక సంగతి నేను జూసుకుంట. నీకింత తిండి పెడ్త. నువ్వు ఇంటి పట్టున ఉండు."

"తిండి పెడ్తవా బావా? మంచిది," అన్నది అత్త. "కూర ఏందో గూడ జెప్పు, కూసొని ఎదురు జూస్త."

ఆ ఏడు ఇంకా వరద పూర్తిగా తీయకముందే ఆమె ఒక్కతే అడవి దాటిపోయింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి రెల్లుకట్ట పాతింది. తర్వాత మారయ్య మామ బండి కట్టుకుని ఒడ్డుకు వచ్చి చూస్తే, పారే నీళ్ళ మధ్య రెల్లుకట్ట, దాని పక్కన అత్త.

"నీళ్ళల్ల పాతినవేందే?"

"నీళ్ళు పోతయి బావా. నేను పోను."

ఇది నేను పుట్టకముందు మాట. మా ఇంట్లో ఎన్నోసార్లు చెప్పుకున్నారు కాబట్టి నేను అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది.

ఆ దారిలో, గుట్ట పైకి ఎక్కి అవతలకు దిగే కనుమ దగ్గర, రాళ్ళ మైసమ్మ ఉంది. విగ్రహం లేదు, గుడి లేదు. మనిషెత్తు రాళ్ళ కుప్ప. ఏటికి పోయేవాళ్ళు చేను దగ్గరి నుంచి ఒక రాయి తెచ్చి వేయాలి. ఏటి నుంచి వచ్చేవాళ్ళు ఒక గుండ్రటి ఏటిరాయి తెచ్చి వేయాలి. వేయకుండా దాటిన వాళ్ళ కాళ్ళకు పాము చుట్టుకుంటుందని నమ్మకం. ఆ కుప్పలో గరుకైన నల్లరాళ్ళు, నున్నటి ఏటిరాళ్ళు కలిసి ఉంటాయి. అడుగున ఉన్నవాటిని ఎవరి తాతమ్మలు వేశారో ఎవరికీ తెలియదు.

పోలీసు చర్య అయిన కొన్నేళ్ళకు జంగ్లాత్ వాళ్ళు, అదే అటవీ శాఖ వాళ్ళు, అడవికి హద్దులు వేయడానికి వచ్చారు. చావడి ముందు కుర్చీలు వేసుకుని మగవాళ్ళను పిలిపించి అడిగారు. ఈ అడవిలో నుంచి మీకు దారులేమైనా ఉన్నాయా, ఉంటే ఇప్పుడే చెప్పండి, రాసుకుంటాం అన్నారు.

మారయ్య మామ ముందుకు వచ్చి చేతులు కట్టుకుని, "లేదు దొరా. మేం అడివి మొకమే సూడం. గుడ్డేలుగులు తిరిగే జాగల మాకేం పని?" అన్నాడు.

ఆయన తెలివితక్కువవాడేం కాదు. సర్కారు మనిషి ఎదుట ఉందని ఒప్పుకున్న ప్రతిదానికీ పన్ను పడడం ఆయన తరం చూసింది. ఆవు ఉంది అంటే మేతకు పుల్లరి కట్టమన్నారు. బండి ఉంది అంటే వెట్టికి పట్టుకుపోయారు. దారి ఉంది అంటే దానికీ ఏదో ఒకటి కట్టాల్సి వస్తుందని ఆయన భయం. వచ్చినవాళ్ళు దారి లేదని రాసుకుని వెళ్ళిపోయారు. మారయ్య ఊరిని కాపాడాడని ఆ సాయంత్రం మగవాళ్ళు ఆయనకు కల్లు పోయించారట. అదే సమయానికి ఊరి ఆడవాళ్ళు పెంట గంపలు దించి, ఖాళీ గంపలతో ఆ లేని దారిలోనే ఇంటికి వస్తున్నారు.

చాలా ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత ఒక ఎండాకాలం అడవి మొదట్లో ముండ్లకంచె పడింది. కాపలాకు కొత్తగా ఒక జవానును పెట్టారు. పేరు సోమన్న, మక్తల్ దిక్కు మనిషి. చెడ్డవాడు కాదు. ఖాకీ చొక్కా వదులై, లోపల మనిషి ఎక్కడో ఉన్నట్టుండేవాడు.

"ఆగు నర్సింగక్కా. ఈడ దారి లేదు."

"మరి నేను దేని మీద నిలబడ్డ సోమన్నా?"

"అడివి మీద నిలబడ్డవ్. సర్కారు అడివి."

"నా కాళ్ళ కింద గడ్డి పరక లేదు. తొక్కీ తొక్కీ నేల సుతం నున్నగైంది. గిట్లాంటి జాగను మీ మక్తల్ల ఏమంటరు?"

"జంతువుల తొవ్వ అంటరు. దుప్పులు తిరిగి తిరిగి పడ్డది."

"దుప్పులు పెంట గంపలు మోస్తయా?"

అత్త చేతికర్రతో కంపను పక్కకు నెట్టి లోపలికి దూరింది. అతను ఈల తీసి ఊదాడు.

"ఊదు, ఊదు. నెమళ్ళు లేస్తయి," అంటూ ఆమె పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు అతను ఆమె గంప గుంజుకున్నాడు. అత్త పండ్లను కొంగులో మూటకట్టుకుని ఇంటికి వచ్చి, మరునాడు ఇంకో గంపతో బయలుదేరింది. అదీ పోయింది. కంచె పక్కన అతను కాపలా ఉండే చౌకీలో గంప మీద గంప పేరింది. మా పక్కింటి బీరమ్మ నోరు ఊరుకోదు కదా, "సోమన్న నౌకరి ఇడిసిపెట్టి గంపల దుకాణం పెడ్తడట," అని బావి దగ్గర అందరినీ నవ్వించింది.

నవ్వారు కానీ భయపడ్డారు. మిగిలిన ఆడవాళ్ళు బండ్ల బాట పట్టారు. కర్బూజ తీరు వేరు. పండింది పొద్దున తెంపితే మధ్యాహ్నానికల్లా కొల్లాపురం అంగట్లో ఉండాలి. బండి కుదుపులకు, ఎండకు దారిలోనే పగిలిపోయేది. పగిలిన పండ్లను బర్రెలు తిన్నాయి. రెండు ఎండాకాలాలు అలా గడిచేసరికి ఒక్కొక్క ఇల్లే ఇసుక మానేసింది.

అత్త ఒక్కతే మానలేదు.

"ఒక్క వానకాలం నడువకుంటే సాలు, తొవ్వ పూడిపోతది," అనేది. "అప్పుడు మారయ్య బావ ఆడిన అబద్ధం నిజమైతది. తొవ్వ లేకుంటే నాకు ఇసుక లేదు. ఇసుక లేకుంటే నేను పోయి ఆయన గడపల కూసోవాలె. కూర ఏందో అడగాలె."

ఆ రోజుల్లోనే ఆమెకు తోడుగా నన్ను పంపడం మొదలుపెట్టారు. నా చదువు నాలుగో తరగతితో ఆగింది. ఐదు చదవాలంటే కొల్లాపురం పోవాలి. ఆడపిల్లను అంత దూరం ఎట్లా పంపుతాం అన్నాడు మా నాయిన. అదే ఆడపిల్ల గుడ్డేలుగులు తిరిగే అడవిలో గంప మోస్తుంటే ఆయనకు దూరం గుర్తు రాలేదు.

నేను ఎక్కువ మాట్లాడను. మాట్లాడనివాళ్ళను జనం చెట్టుతోనో రాయితోనో కలిపేసి, వాళ్ళ ఎదుటే అన్ని పనులూ చేసుకుంటారు. ఒకరోజు కనుమ దగ్గర నా కాలికి ముల్లు దిగితే బండ చాటున కూర్చుని తీసుకుంటున్నాను. అత్త ముందు పోయింది. ఇంతలో సోమన్న గస్తీ తిరుగుతూ వచ్చాడు. రాళ్ళ మైసమ్మ ముందు ఆగి, అటూ ఇటూ చూశాడు. చొక్కా జేబులోంచి ఒక రాయి తీసి కుప్ప మీద పెట్టాడు. టోపీ తీసి, రాళ్ళను తాకి కళ్ళకద్దుకుని, మళ్ళీ పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు కిందికి దిగిపోయాడు.

అత్తను అందుకుని ఈ మాట చెప్పాను. ఆమె గంప దించి మరీ నవ్వింది.

"జేబుల రాయి ఏసుకొని తిరుగుతాండా! అండాలూ, ఈ ముచ్చట బీరమ్మకు జెప్పకు. ఊరంత దండోర ఏస్తది."

ఆ చైత్రంలో జంగ్లాత్ పెద్ద దొర తనిఖీ దౌరాకు వచ్చాడు. జీపు దిగి చావడి అరుగు మీద కూర్చున్నాడు. కోస్తా వైపు మనిషి. మా ఆడవాళ్ళం గోడ వెనక నిలబడ్డాం.

"ఏమైనా ఇబ్బందులుంటే చెప్పండయ్యా," అన్నాడు.

"ఏం లేవు దొరా. అంత మంచిగున్నది," అన్నాడు మారయ్య మామ.

"మంచిగుంటే నా గంపలు చౌకీల ఎందుకున్నయి బావా?" గోడ వెనక నుంచి అత్త గొంతు.

మగవాళ్ళందరూ తలలు తిప్పారు. బీరమ్మ నా చెయ్యి గిచ్చింది. అత్త గోడ దాటి ముందుకు నడిచింది. తొవ్వ గురించి, కంచె గురించి, పగిలిన పండ్ల గురించి చెప్పింది. దొర మధ్యలో అడ్డు తగలకుండా విన్నాడు. తర్వాత సోమన్న వైపు చూశాడు.

"అది జంతువుల తొవ్వ దొరా," అన్నాడు సోమన్న, నేల చూస్తూ.

"మా కాగితాల్లో కూడా అక్కడ దారి లేదమ్మా," అన్నాడు దొర. "మీ ఊరివాళ్ళే లేదని చెప్పారట."

"చెప్పినోళ్ళు నడువలేదు దొరా. నడిచినోళ్ళను ఎవ్వరు అడగలేదు."

దొర ఆమెను చూసి, "సరే. రేపు పొద్దున నాకు చూపించు. మనుషుల దారో, జంతువుల దారో నడిస్తే తెలుస్తుంది. జంతువులదే అయితే మాత్రం ఇంకెప్పుడూ కంచె మీద చెయ్యి వేయకూడదు. ఒప్పుకుంటావా?" అన్నాడు.

"ఒప్పుకుంట," అన్నది అత్త.

ఇంటికి వచ్చాక మా అమ్మ తిట్టింది. ఎందుకట్లా మాటిచ్చినవు, అడవిని చూసి ఆయన ఏమంటాడో ఎవరికి తెలుసు, ఉన్నది కూడా పోతుంది కదా అన్నది. అత్త ఖాళీ గంపకు చుట్టకుదురు సరిచేసుకుంటూ, "ఉన్నదేందో జెప్పు వదినా, పోతే లెక్క జూస్కుంట," అన్నది. కానీ ఆ పూట అన్నం సగంలోనే వదిలి లేచింది. అది నేను చూశాను.

మరునాడు తెల్లవారుతుండగా ఐదుగురం బయలుదేరాం. ముందు సోమన్న, అతని వెనక దొర, తర్వాత అత్త, నేను. చివర మారయ్య మామ. పెద్దమనిషి కాబట్టి ఆయనకు తప్పలేదు.

అడవి చల్లగా ఉంది. మద్దిచెట్ల మొదళ్ళు ముసలి మొసళ్ళ వీపుల్లా పగుళ్ళు వారి ఉన్నాయి. టేకు ఆకులు రాలిపోయి, అడుగు వేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. మోదుగపూలు అయిపోవచ్చాయి. దొర చాలా చోట్ల ఆగాడు. వంగి నేలను చూశాడు. ఒకచోట దుప్పి గిట్టల గుర్తులు, ఇంకోచోట గుడ్డేలుగు తవ్విన పుట్ట.

"జంతువులు బాగానే తిరుగుతున్నాయి," అన్నాడు.

"చూసిండ్రా దొరా!" అన్నాడు సోమన్న, ఊపిరి వచ్చినట్టుగా.

"మంచి తొవ్వ దొరికితే వాటికి మాత్రం చేదా?" అన్నది అత్త. దొర పెదవుల మీద నవ్వు లాంటిది కనిపించి పోయింది. ఒప్పుకున్నట్టు మాత్రం లేదు.

గుట్ట ఎక్కి కనుమ చేరాం. అత్త కొంగు ముడి విప్పి చేనురాయి తీసి కుప్ప మీద వేసింది. నేనూ వేశాను. మారయ్య మామ చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమిటిది?" అన్నాడు దొర.

అత్త చెప్పింది. పోయేటోళ్ళు ఒకటి, వచ్చేటోళ్ళు ఒకటి.

దొర ఒక ఏటిరాయి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. మళ్ళీ జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టాడు. "ఎప్పుడో పూర్వకాలం కుప్పలా ఉంది. పూర్వం ఎవరో నడిచి ఉండవచ్చు. ఇప్పుడు నడుస్తున్నారని దీన్ని బట్టి అనలేం కదా. నువ్వొక్కదానివి వేసినంత మాత్రాన..."

"పాతదే దొరా," అన్నాడు సోమన్న తొందరగా. "ఇప్పుడు దీన్ని ఎవ్వరు పట్టించుకోరు. నడువుండ్రి."

అని తనే ముందు నడిచాడు. మైసమ్మను దాటిపోయాడు. అత్త మొహం నల్లబడింది. ఆమె మాట ఇచ్చింది. కుప్ప సాక్ష్యం కాదన్న తర్వాత చూపించడానికి ముందు ఇంకేమీ లేదు, దిగుడు తప్ప.

నేను సోమన్న చేతిని చూస్తున్నాను. అది జేబు మీదికి పోయింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయింది. దిగుడు మొదలయ్యే చోట పొదలు దట్టంగా ఉంటాయి. అక్కడ అతని నడక మందగించింది.

"దొరా, మీరు నడువుండ్రి. నా బూట్ల రాయి పడ్డది."

అని ఒక పక్కకు ఒదిగి వంగాడు. మేం నలుగురం అతన్ని దాటి దిగసాగాం. నేను తల తిప్పి చూశాను. సోమన్న లేచి, పిల్లిలా అడుగులు వేస్తూ వెనక్కి ఎక్కుతున్నాడు. నేను ముందున్న అత్త కొంగు పట్టి లాగాను. అంతే. ఆమె ఆగింది. తల కాదు, మనిషే తిరిగింది.

"సోమన్నా!" అడవి మారుమోగేలా పిలిచింది. "బూట్ల పడ్డ రాయి మైసమ్మకు ఏస్తున్నవా?"

అందరం తిరిగాం. కుప్ప దగ్గర సోమన్న, ఒక చేతిలో టోపీ, రెండో చెయ్యి రాళ్ళ మీద. బూటు ముడి విప్పనే లేదు.

ఎక్కడో పికిలిపిట్ట ఒకటి కూస్తూనే ఉంది.

"ఇలా రా," అన్నాడు దొర. సోమన్న వచ్చాడు. "రోజూ వేస్తావా?"

"పోయేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి దొరా."

"నీకెవరు చెప్పారు?"

సోమన్న అత్త వైపు చూశాడు. "ఈ అక్కనే. నేను నౌకరికి కొత్తగ వచ్చినప్పుడు. ఎయ్యకుంటే పాము సుట్టుకుంటదన్నది. నాకు చిన్న పిల్లలున్నరు దొరా. ఎయ్యకుండ ఎట్ల పోత?"

"కంచె పెట్టినోడికి గూడ తొవ్వ మర్యాద నేర్పిన దొరా," అన్నది అత్త. "నేర్పకుంటే ఈ పాటికి ఏ పామో సూస్కునేది."

దొర నవ్వలేదు. మారయ్య మామ వైపు తిరిగాడు. "ఏమయ్యా పెద్దమనిషీ? దారి లేదని మీరేనా చెప్పింది?"

మామ చేతులు అప్పటికింకా వెనకే ఉన్నాయి. మెల్లగా వాటిని ముందుకు తెచ్చాడు. పిడికిట్లో చేనురాయి ఉంది. ఇంటి దగ్గరి నుంచి పట్టుకునే నడిచాడన్నమాట. చెమటకు అది తడిసి నల్లగా మెరుస్తోంది.

"నేనే దొరా. ఉన్నదంటే దానికి సుతం పన్నేస్తరనుకున్న." గుట్ట మళ్ళీ ఎక్కిపోయి రాయి కుప్ప మీద పెట్టి, అత్త వైపు చూడకుండా, "మా అమ్మ నన్ను సంకన ఏసుకొని ఈ తొవ్వలనే నడిచింది," అన్నాడు.

అత్త మాటకు మాట అనకపోవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

అడవి దిగగానే ఇసుక మొదలైంది. ముందు మొండి దిబ్బలు, వాటి మీద అక్కడక్కడ పొదలు. తర్వాత రెల్లు. దాని తర్వాత ఒట్టి ఇసుక, గాలి గీసిన గీతలతో, కళ్ళు చెదిరేటట్టు. ఎండ ఎక్కింది. అత్త, నేను మోదుగాకులు మడిచి అరికాళ్ళకు నారతో కట్టుకున్నాం. దొర బూట్లు చీలమండల దాకా దిగబడుతున్నాయి. ఒక దిబ్బ ఎక్కాక ఆయన ఆగిపోయాడు. కింద కృష్ణ, నీలంగా, తీరిగ్గా.

"మా ఊరు సముద్రం ఒడ్డునే," అన్నాడు. ఇప్పుడు ఆయన గొంతు దొర గొంతులా లేదు. "అచ్చం ఇలాగే ఉంటుంది. ఊరు దాటితే సరుగుడు తోటలు, తోటలు దాటితే ఇసుక దిబ్బలు, దిబ్బలెక్కితే సముద్రం. చిన్నప్పుడు రోజూ పోయేవాళ్ళం."

"సముద్రం కాడికి పోవడానికి మీ ఊళ్ల కంచె ఉన్నదా దొరా?"

అత్త తన దడి తీసి లోపలికి పోయి, కర్బూజను తట్టి చూసి, వాసన చూసి, ఒకటి తెంపుకొచ్చింది. మోకాలి మీద పెట్టి చేతులతోనే చీల్చింది. సోమన్నకు కూడా ఒక ముక్క ఇచ్చింది. అతను తీసుకోవడానికి వెనకాడితే, "తిను. నా గంపలకు ఇంత కాలం కావలున్నవ్," అన్నది.

తిరిగి వచ్చేటప్పుడు అందరం ఏటిరాళ్ళు తెచ్చాం. దొర కూడా ఒకటి తెచ్చాడు. కుప్ప మీద వేశాడు.

కంచె దగ్గరికి వచ్చాక సోమన్నకు చెప్పాడు, "ఇక్కడ కంప తీసేయ్. ఒక మనిషి గంపతో పట్టేంత సందు వదులు." అత్త వైపు తిరిగి, "కాగితంలోకి ఎక్కాలంటే పైవాళ్ళు ఒప్పుకోవాలి. దానికి నేను మాట ఇవ్వలేను. సందు మాత్రం ఉంటుంది," అన్నాడు.

ఇంకెవరైనా అయితే దండం పెట్టేవాళ్ళు. మారయ్య మామ అప్పటికే పెట్టాడు.

"ఒక్క గంపనా?" అన్నది అత్త.

"అంటే?"

"నేను పోయేటప్పుడు బీరమ్మ ఎదురొస్తే? ఎవలు గంప దించాలె, నేనా, బీరమ్మనా? దించిన గంప మళ్ల నెత్తికెత్తెటోళ్ళు ఎవలు, సోమన్ననా?"

"బీరమ్మ ఎవరు?"

"నడిచేటామె దొరా. ఇప్పుడు నడుస్తలేదు. రేపటి సంది నడుస్తది."

దొర ఈసారి నిజంగానే నవ్వాడు. "అయితే ఎంత కావాలో చూపించు."

అత్త నన్ను పిలిచింది. తన గంప నా నెత్తికెత్తింది. సోమన్న చౌకీలోకి పోయి ఆమె పాత గంప ఒకటి తెచ్చాడు. అంచు ఎలుకలు కొరికి ఉంది. దాన్ని తన నెత్తిన పెట్టుకుని అత్త నా పక్కన నిలబడింది.

"మోచేతులు దగ్గరికి గుంజుకోకు కోడలా. మనం నడిచేటట్లె నిలబడు."

నాకు మగవాళ్ళ ముందు నిలబడడం అలవాటు లేదు. ఎప్పుడూ కాలి బొటనవేలు చూస్తూ నిలబడతాను. కానీ నెత్తి మీద గంప ఉన్నప్పుడు తల దించడం కుదరదు. దించితే గంప పడిపోతుంది. అందుకని సూటిగా చూశాను. దొరను చూశాను, మారయ్య మామను చూశాను. నా మోచేతి పక్కన సోమన్న ఒక గుంజ పాతాడు. అత్త మోచేతి పక్కన ఇంకోటి పాతబోతుంటే ఆమె ఒక అడుగు పక్కకు జరిగింది.

"ఇప్పుడు పాతు."

ఇప్పటికీ ఆ దారి కాగితంలోకి ఎక్కలేదు. ఆ దొర బదిలీ అయి పోయాడు. తర్వాత వచ్చిన ఆయన ఒకసారి కంప వేయించాడు, ఆడవాళ్ళందరం కలిసి తీసేశాం. ఇంకొకసారి వేయించాడు, సోమన్నే తీసేసి గాలికి ఎగిరిపోయిందన్నాడు. మైసమ్మ కుప్ప పెరుగుతూనే ఉంది. వరద తీయగానే ఇప్పుడు మా ఊరి రెల్లుకట్టలే ముందు కనిపిస్తాయి. అత్తది మాత్రం ఎప్పటిలాగే నీళ్ళలో ఉంటుంది.

మొన్న ఆ సందులో నాకు బీరమ్మ ఎదురైంది. ఇద్దరం గంపలతో ఉన్నాం, ఎవరూ దించలేదు. దాటిపోయాక వెనక నుంచి పిలిచింది. నేను ఆగి తిరిగాను.

"అమ్మో," అన్నది, "నీకు గూడ మెడ పోయిందే పిల్లా. మీ అత్త లెక్కనే మనిషివే తిరుగుతున్నవ్."